ఇల్దికో వదాష్ చూడని ఊరు

2013 సెప్టెంబరులో, దుబాయ్‌లో నాకు ఉద్యోగం దొరికింది. అంతకుముందు రెండేళ్లు, మా ఆయన విక్రమ్ పొద్దున్నే జెబెల్ అలీలో ఉద్యోగానికి వెళ్లిపోతే, పదకొండో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని కింద పోయే కార్లు చూడడమే నా పని. గుంటూరులో స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషిని. దుబాయ్‌లోని ఒక యూనివర్సిటీకి తెలుగు, హిందీ వచ్చిన పరిశోధన సహాయకురాలు కావాలన్న ప్రకటన చూసి విక్రమే నాచేత దరఖాస్తు పెట్టించాడు.

నన్ను ఇంటర్వ్యూ చేసినావిడ హంగరీ దేశస్థురాలు. పేరు ఇల్దికో. ఇంటిపేరు రాసేది వదాస్, పలికేది వదాష్. అరవై మూడేళ్లు. మెడ దాకా కత్తిరించిన తెల్లజుట్టు, మోకాళ్ల కింది దాకా వచ్చే ఒకే రకం బూడిదరంగు గౌన్లు. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా కళ్లు ఆర్పేది కాదు.

"శ్రీసుధా, అంకెలంటే నీకు నమ్మకమేనా?" అని అడిగింది.

"మనుషులకంటే ఎక్కువ" అన్నాను, తెలివిగా చెప్పాననుకుని.

"నేనూ నీ వయసులో అదే చెప్పాను" అంది. నవ్వలేదు. ఉద్యోగం మాత్రం ఇచ్చింది.

ఆవిడ గురించి యూనివర్సిటీలో అందరికీ గౌరవం. పేచ్ అనే ఊళ్లో పుట్టి, బుడాపెస్టులో ఆర్థికశాస్త్రం చదివి, ఇరవై నాలుగేళ్లకు అక్కడి జిల్లా ప్రణాళిక కార్యాలయంలో చేరిందట. ఏ ఊరు బతుకుతుంది, ఏ ఊరు ఖాళీ అవుతుంది అన్నది ముందుగానే చెప్పగల లెక్క ఒకటి కనిపెట్టింది. బడిలో ఎంతమంది పిల్లలు, బస్సు రోజుకు ఎన్నిసార్లు, ఏడాదిలో ఎన్ని పెళ్లిళ్లు, ఊళ్లో అందరికంటే చిన్న ఆడమనిషి వయసెంత - ఇలాంటివి పద్నాలుగు ప్రశ్నలు. వాటి జవాబులు వేస్తే ఒక అంకె వస్తుంది. పది దాటితే ఊరికి ఆయుష్షు ఉన్నట్టు. పది లోపైతే లేనట్టు. దానికి వదాష్ సూచిక అని పేరు పడింది. ఆ లెక్కతోనే డాక్టరేటు, ఆ లెక్కతోనే పుస్తకం, ఆ లెక్కతోనే ప్రొఫెసర్ పదవి. హంగరీ యూరోపియన్ యూనియన్‌లో చేరాక, వెనకబడ్డ ప్రాంతాలకు ఏం చేయాలో చెప్పే సలహాదారుగా బ్రసెల్స్‌లో ఆరేళ్లు ఉంది. చివరికి 2011లో ఆవిడ పనిచేసే సంస్థను ఇంకో సంస్థలో కలిపేసి, పూలగుత్తి ఇచ్చి ఇంటికి పంపారు. భర్త అప్పటికే పోయాడు, పిల్లలు లేరు. మూడేళ్ల ఒప్పందం మీద దుబాయ్ వచ్చింది.

ఇక్కడ ఆవిడ చేతికి వచ్చిన పని ఒక కన్సల్టెన్సీది. ఉత్తర తెలంగాణ నుంచి గల్ఫ్‌కు ఎక్కువగా మనుషులు వచ్చే ఊళ్లు అరవై ఏరారు. వాటిలో ఇరవై ఊళ్లలో శిక్షణ కేంద్రం, దానితోపాటు చిన్న ఆసుపత్రి పెట్టాలని ఆలోచన. ఏ ఇరవై అన్నది ఆవిడ చెప్పాలి. మిగిలిన నలభైని వదిలేస్తారు. అరవై ఊళ్లూ తిరగడానికి ఎవరూ సిద్ధంగా లేరు. ఆ ఊళ్ల మగవాళ్లంతా ఇక్కడే ఉన్నారు కదా, వాళ్లనే అడిగితే సరిపోతుందని ముందే అనుకున్నారు.

అలా మేం శుక్రవారాలు అల్ వర్సాన్‌లోని లేబర్ క్యాంపుకి వెళ్లడం మొదలుపెట్టాం. క్యాంపు చూసుకునే నబీ రసూల్ గారిది రాయచోటి. భారీ మనిషి, పాన్ నమిలిన నోరు. భోజనాల హాల్లో మాకు రెండు బల్లలు వేయించి, ఒక్కొక్క గది వాళ్లను పిలిపించేవాడు. నేను ప్రశ్నలు అడిగి ఫారం నింపేదాన్ని. అడగడం అయ్యాక ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి, "మీ ఊరు గీయండి" అనేదాన్ని. ఇది ప్రొఫెసర్ పద్ధతి. మాటల్లో మర్చిపోయినవి బొమ్మలో దొరుకుతాయని ఆవిడ అనుభవం.

మొదట్లో సిగ్గుపడేవాళ్లు. తర్వాత పోటీలు పడి గీసేవారు. పోచమ్మ గుడి, పాలకేంద్రం, సెల్ టవర్, వరిపొలాలు, కొత్తగా కట్టుకున్న స్లాబు ఇల్లు. ఇల్లు ఎప్పుడూ ఊరంత పెద్దగా ఉండేది. మూడు నెలల్లో నాలుగు వందల బొమ్మలు పోగయ్యాయి.

2014 జనవరి రెండో శుక్రవారం విపరీతమైన పొగమంచు. మా డ్రైవరు హెడ్‌లైట్లు వేసుకుని, నడిచినంత నెమ్మదిగా పోనిచ్చాడు. క్యాంపు గేటు దాకా వచ్చినా గేటు కనబడలేదు. ఆ రోజు తీసుకున్న కాగితాలు సోమవారం ఆఫీసులో సర్దుతుంటే ఒక బొమ్మ దగ్గర నా చెయ్యి ఆగింది.

ఒకే వీధి. వీధికి రెండు పక్కలా ఆరేసి ఇళ్లు, మొత్తం పన్నెండు. ఇళ్ల కప్పులు నిటారుగా, కత్తుల్లా ఉన్నాయి. ప్రతి కప్పు మీదా పొగగొట్టం. వీధి చివర బావికి ఏతం, పొడవాటి దూలం పైకి లేచి ఉంది. దాని పక్కన రెండు గుంజలు పాతి, పైన చిన్న కప్పు వేసి, మధ్యలో గంట వేలాడదీశారు. గుడి లేదు, మసీదు లేదు, పొలం లేదు. చుట్టూ గుట్టలు.

ఫారం నంబరు చూస్తే అది మెట్‌పల్లి దగ్గరి ఒక కుర్రాడిది. తర్వాతి శుక్రవారం అతన్ని పిలిపించి బొమ్మ చూపించాను. చాలాసేపు చూశాడు.

"గిది మా ఊరు గాదు మేడం."

"నువ్వే గీశావు కదయ్యా. కింద నీ సంతకం ఉంది."

"గీసింది నేనే. సంతకం నాదే." గొంతు తగ్గించాడు. "చెయ్యి నాది, ఊరు నాది గాదు. అప్పుడు మా ఊరే గీస్తున్న అనుకున్న."

కాగితం నా వైపు తోసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు అలాంటిదే ఇంకో బొమ్మ వచ్చింది. ఈసారి గీసింది జగిత్యాల వైపు నుంచి వచ్చిన వెల్డర్. వేరే కంపెనీ, వేరే బ్లాకు. అదే వీధి, అదే ఏతం, అదే గంట. కానీ ఇళ్లు తొమ్మిదే. మూడు చోట్ల ఇంటికి బదులు ఖాళీ నేల. గీత వేసి తుడిపేసిన జాడ కూడా లేదు.

రెండూ తీసుకెళ్లి ప్రొఫెసర్ బల్ల మీద పెట్టాను. ఎవరో మనతో ఆటలాడుతున్నారేమోనండీ అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "తలుపు వేసిరా" అంది.

బీరువా అడుగున ఉన్న ఒక పాత అట్ట ఫైలు తీసింది. అందులో టైపు కొట్టిన పసుపుపచ్చ కాగితాలు. హంగరీ భాషలో ఊళ్ల పేర్లు, పక్కన అంకెలు. కొన్నింటి పక్కన ఎర్ర పెన్సిలుతో అడ్డగీత.

"డెబ్భైల్లో మా ప్రభుత్వం ఊళ్లన్నింటినీ తరగతులుగా విడదీయమంది. పెద్ద ఊళ్లకు బడి, బస్సు, నీళ్ల పైపులు. చిన్నవాటిని వదిలేయాలి. కొత్తగా ఇల్లు కట్టుకోవడానికి అనుమతి కూడా ఇవ్వరు. మా జిల్లాలో ఏవి వదిలేయాలో జాబితా తయారుచేసిన వాళ్లలో నేనొకదాన్ని. ఈ ఎర్రగీతలు నావి."

ఒక పేరు మీద వేలు పెట్టింది. హోల్లోఫా. పన్నెండిళ్లు. సూచిక: నాలుగు.

"బడి మూశారు. బస్సు మానేసింది. మాస్టారి కుటుంబం ముందు వెళ్లిపోయింది. 1976. ఆ తర్వాత కమ్మరి, అతని అన్న." వెల్డర్ గీసిన బొమ్మలో ఖాళీగా ఉన్న మూడు చోట్లనూ వరుసగా తాకింది. "ఇది, ఇది, ఇది. ఎవరెప్పుడు వెళ్లిపోయారో నమోదుపుస్తకంలో ఉంది. ఇరవయ్యేళ్ల తర్వాత దాని మీదే ఇంకో వ్యాసం రాశాను."

"ఆ వ్యాసంలో ఈ బొమ్మ ఉందేమో. ఎవరైనా ఇంటర్నెట్‌లో..."

"బొమ్మ లేదు. ఫొటో లేదు. ఊరి పటం నా దగ్గర ఒక్కదాని దగ్గరే ఉంది." ఫైల్లోంచి మడతలు చిరిగిన ఒక కాగితం తీసి విప్పింది. వీధి, గుట్టలు, ఏతం. మా దేశంలోనే ఏతాలు ఉంటాయనుకున్నాను. వాళ్ల పల్లెల్లోనూ ఉండేవట.

ఇంటికి వెళ్లి విక్రమ్‌కి చెప్పాను. టీవీ ఆపి విన్నాడు.

"సుధా, నాలుగొందల మందిచేత గీయిస్తే రెండు బొమ్మలు కలవవా ఏంటి? లెక్కలమాస్టారువి, నీకు నేను చెప్పాలా?"

"మూడిళ్లు పోయాయి విక్కీ. సరిగ్గా ఆ మూడే పోయాయి."

"మరైతే ఉద్యోగం మానెయ్. అంతగా భయమేస్తే ఎందుకెళ్లడం?"

మానలేదు. భయం వేసినమాట నిజమే. కానీ తర్వాతి శుక్రవారం ఎన్ని ఇళ్లు ఉంటాయో చూడాలన్న ఆత్రం భయంకంటే ఎక్కువగా ఉంది. ఆ మాట విక్రమ్‌తో అనలేకపోయాను.

ఐదిళ్లు ఉన్నాయి. ఈసారి గీసింది నబీ రసూల్ గారి వంటవాడు. అతన్ని మేం అడగనే లేదు. మెనూ రాసే కాగితం వెనక గీసి, బల్ల మీద పెట్టి వెళ్లాడట. నబీ రసూల్ గారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తెచ్చి ఇచ్చాడు.

"ఏమ్మా, మీ పెద్ద మేడం ఏం చేస్తాండాది ఈ పిల్లోళ్లని? వంట మధ్యలో గరిటె వదిలేసి గీసినాడంట. పప్పు మాడిపోయె. ఖలాస్ చేయండమ్మా ఈ బొమ్మల పని. ముదీర్‌కి, అదే మా మేనేజరుకి తెలిస్తే నా గతేమి?"

"ఇంకొక్క వారం అన్నా" అన్నాను. ఎందుకు అలా అన్నానో తెలియదు. పని పూర్తి కావడానికి నిజంగా ఇంకా నెల ఉంది.

జనవరి ఆఖరి శుక్రవారం మళ్లీ పొగమంచు. హాలు కిటికీల బయట తెల్లగా గోడ కట్టినట్టు ఉంది. వరసలో మూడో మనిషి వెంకట్రాములు. యాభై దాటిన షట్టరింగ్ కార్పెంటర్. కోరుట్ల దగ్గరి పల్లె అతనిది. అబుదాబి సైటు నుంచి బదిలీ మీద వచ్చి మూడు రోజులే అయింది. అంతకుముందు బొమ్మలు గీసినవాళ్లను చూసే అవకాశం కూడా లేదు. నేను ఇంకా ఒక్క ప్రశ్న కూడా అడగకముందే కాగితం దగ్గరికి లాక్కుని గీయడం మొదలుపెట్టాడు.

ఒక్క ఇల్లే గీశాడు. ఏతం దగ్గరది. పొగగొట్టం మీద పొగ సన్నగా చుట్టలు తిరుగుతోంది. మిగతా పదకొండు చోట్ల ఏమీ లేదు.

ప్రొఫెసర్ తన బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ముఖం ప్రశాంతంగా ఉంది. ఒక కొత్త ఫారం తీసి, పద్నాలుగు ప్రశ్నలూ తానే అడుగుతాననీ, నన్ను మాటకు మాట తర్జుమా చేయమనీ చెప్పింది.

"ఊరి పేరు?"

"కాకిమాను" అన్నాడు వెంకట్రాములు.

మా గుంటూరు వైపు కాకుమాను ఉంది గానీ కోరుట్ల దగ్గర అలాంటి ఊరు మా అరవైలో లేదు. ఆవిడకు అర్థం కావాలని ఇంగ్లీషులో కాకి, చెట్టు అని విడమరిచి చెప్పాను. ఆవిడ పెన్ను కాగితం మీద ఆగి, అక్కడే చుక్కలా సిరా పాకింది.

"హోల్లో అంటే నల్లకాకి. ఫా అంటే చెట్టు" అంది. "కానివ్వు. బడిలో పిల్లలు ఎందరు?"

"బడి మూసిండ్రు."

"బస్సు?"

"రాదు. శనివారం ఒక్క దినం వొస్తుండె. అది గూడ బంద్ జేసిండ్రు. ఎందుకు బంద్ జేసిండ్రని పోస్టాయన్ని అడిగిన. కాయితం మీద అట్ల రాసి ఉన్నదన్నడు."

"ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఒక్కదాన్నే."

నేను తర్జుమా చేయబోయి ఆగిపోయాను. అతను బొంగురు గొంతుతోనే మాట్లాడుతున్నాడు. మూడు రోజుల గడ్డం, పగుళ్లిచ్చిన చేతులు, చెవిలో పెన్సిలు. ఒక్కణ్ణే అనాల్సిన మనిషి ఒక్కదాన్నే అన్నాడు. ఇంగ్లీషులో ఆ తేడా ఉండదు. ఒంటరిగా అని చెప్పేసి ఊరుకోవచ్చు. ప్రొఫెసర్ నా ముఖం చూసింది.

"ఏం చెప్పాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెప్పాను. ఆ మాట ఆడవాళ్లు మాత్రమే అంటారని కూడా చెప్పాను.

ఆవిడ తలాడించింది. "బోర్బాలా. అందరూ బోరి అత్త అనేవారట. చివరి ఇల్లు ఆవిడదే. 1985 చలికాలంలో పోయింది. రెండు వారాల తర్వాత పోస్టుమాన్ చూశాడు." ఇంతవరకూ నాతో. తర్వాత వెంకట్రాములు వైపు తిరిగి, ఫారంలో ఉన్న ప్రశ్నే అడిగింది. "మీ ఊరి గురించి తెలుసుకోవడానికి అధికారులు ఎప్పుడైనా వచ్చారా?"

వెంకట్రాములు కిటికీ వైపు చూశాడు.

"ఒక్కపారి కారొచ్చింది. వానలు పడి బురద ఉండె. గా గుట్ట మీద ఆగింది, కిందికి దిగలే. నేను నీళ్లు తోడుకుంటున్న. కార్ల ఒక పడుచు పిల్ల కూసున్నది, ఎర్ర రుమాలు కట్టుకున్నది. చెయ్యి ఊపిన. చూసింది. చూసినంక కారు మలిపిండ్రు."

ఒక్కొక్క వాక్యం చెబుతూ పోయాను. ఎర్ర రుమాలు అనేసరికి ప్రొఫెసర్ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఎంత గట్టిదంటే వారం రోజులు నా చేతి మీద మచ్చ ఉంది.

"ఈ సంగతి ఎవరికీ తెలియదు" అంది. "డ్రైవరు పోయి ముప్పయ్యేళ్లయింది. ఊళ్లోకి వెళ్లి, అందరినీ అడిగి, ఫారం నింపాలి. చెప్పులు బురదవుతాయని దిగలేదు. ఆఫీసుకు వెళ్లి నింపాను. 'సందర్శించడమైనది' అని రాసి సంతకం పెట్టాను. నా థీసిస్‌లో మొదటి పట్టిక అదే, శ్రీసుధా. మిగతావన్నీ దాని మీద కట్టినవే."

తర్వాత వెంకట్రాములు వైపు తిరిగి ఇంకో ప్రశ్న అడిగింది. అది ఫారంలో లేని ప్రశ్న.

"ఇప్పుడు ఏం రాయమంటారు?"

నేను తెలుగులో అడిగాను. వెంకట్రాములు మొదటిసారి ఆవిడ వైపు తిరిగి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. చాలాకాలం తర్వాత ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

"రాసుడు బంద్ జెయ్యి బిడ్డా. ఒచ్చి కూసో."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, అతని పక్కన బెంచీ మీద కూర్చుంది. హాల్లో నలభై మంది ఉన్నారు, ఒక్క దగ్గు వినిపించలేదు. వంటింట్లో ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం ఉంది. కిటికీ బయట ఎండ ఎక్కి మంచు పలచబడి, ఎదురుగా బ్లాకు మెట్లు, ఆరేసిన నీలం యూనిఫారాలు ఒకటొకటిగా కనబడ్డాయి. అరగంట గడిచి ఉంటుంది.

ఉన్నట్టుండి వెంకట్రాములు ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.

"అయ్యో, ఏంది మేడం, మీరు ఈడ కూసున్నరు? ఏం రాయాల్నో చెప్పుండ్రి, రాస్త." బల్ల మీది బొమ్మ చూసి ముఖం చిట్లించాడు. "గిదెవరు గీసిండ్రు?"

ఆ తర్వాత అలాంటి బొమ్మ మళ్లీ రాలేదు.

పని మార్చిలో పూర్తయింది. అరవై ఊళ్లకూ అంకెలు నేనే వేశాను. ఇరవై ఊళ్లకు సూచిక పది దాటింది. జాబితా సిద్ధంగా ఉంది, ప్రొఫెసర్ సంతకమే తరువాయి. కన్సల్టెన్సీ వాళ్లు ముగ్గురు సూట్లలో వచ్చి కూర్చున్నారు. ఆవిడ జాబితా వాళ్లకు ఇవ్వలేదు. ఊళ్లు చూడకుండా చెప్పలేనంది. చూసి వస్తాను, ఆరు నెలలు ఇవ్వండి అంది. సూచిక మీదే కదా ఇన్నేళ్లుగా ప్రపంచమంతా పనిచేస్తోంది అని వాళ్లలో ఒకాయన గుర్తుచేశాడు.

"ఆ సూచిక అబద్ధం మీద నిలబడింది. ఆ అబద్ధం నాది" అంది.

నెల తిరక్కుండా ఒప్పందం రద్దయింది. యూనివర్సిటీ కూడా ఆవిడ గడువు పొడిగించలేదు. నాకు ఇంకో విభాగంలో చోటు దొరికింది. కన్సల్టెన్సీ వాళ్లు ఆ పనిని వేరేవాళ్లకు ఇచ్చారనీ, తర్వాత అదీ ఆగిపోయిందనీ విన్నాను. ఆ అరవై ఊళ్లలో దేనికీ ఏమీ రాలేదు.

వెళ్లేముందు ఈ సంగతే ఎత్తాను. మీరు సంతకం పెట్టి ఉంటే ఇరవై ఊళ్లకైనా మేలు జరిగేది కదా అన్నాను. కోపంతోనే అన్నాను. ఆవిడ పుస్తకాలు పెట్టెలో సర్దుతోంది.

"జరిగేదేమో. తప్పు దిద్దానని నేననుకోవడం లేదు. రెండోసారి చేయలేదు, అంతే."

హంగరీ వెళ్లాక తన మొదటి పట్టిక కల్పితమని ఒక పత్రికకు రాసింది. నలభయ్యేళ్లుగా ఆ పట్టికను వాడుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కొందరు ఆవిడకు మతి చలించిందన్నారు. ఇంకొందరు అసలు జవాబే ఇవ్వలేదు. ఆవిడ శిష్యుడొకడు, అప్పటికి పెద్ద పదవిలో ఉన్నవాడు, ఆవిడ పేరు తీసేసి సూచికకు కొత్త పేరు పెట్టుకున్నాడు. లెక్క అదే. ఇప్పటికీ వాడుతున్నారు.

నాకు ఏడాదికి ఒకటి రెండు ఉత్తరాలు రాసేది. హోల్లోఫా వెళ్లానని 2015లో రాసింది. ఏతం గుంజ ఒక్కటి మిగిలిందట, మిగతాదంతా అడవి. ఒక మడతకుర్చీ తీసుకెళ్లి సాయంత్రం దాకా కూర్చుని వచ్చేదట. ప్రతి నెలా. ఎందుకని నేను అడగలేదు. 2018 మార్చిలో ఆవిడ మేనకోడలు మెయిల్ రాసింది. హోల్లోఫా గుట్ట మీద, కుర్చీలో కూర్చునే పోయిందని. ఆ రోజు మంచు కురుస్తోందట.

అదే ఏడాది జులైలో మేం అబుదాబి వెళ్తుంటే కారు ఏసీ పాడైంది. ముసఫ్ఫాలో ఒక గ్యారేజీకి తీసుకెళ్లాడు విక్రమ్. మధ్యాహ్నం రెండు గంటలు, బయట నలభై ఆరు డిగ్రీలు. కారు లిఫ్టు మీదికి ఎక్కించాక నీడ కోసం చూస్తుంటే, గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో ఒక మనిషి కనిపించాడు. మెడ దాకా గుండీలు పెట్టిన ఉన్ని స్వెట్టరు, తలకు మఫ్లరు.

"శ్రీసుధ మేడమేనా?" అన్నాడు.

వెంకట్రాములు. బాగా చిక్కిపోయాడు. కంపెనీ మూతపడ్డదనీ, తెలిసినవాళ్ల ద్వారా ఇక్కడ కుదిరాననీ చెప్పాడు.

"ఈ ఎండలో ఆ స్వెట్టరేంటి వెంకట్రాములూ? ఒంట్లో బాలేదా?"

"చలి, మేడం. నాలుగేండ్ల సంది ఇట్లనే ఉన్నది. డాక్టరు అన్ని చూసిండు, ఏం లేదన్నడు. ఫోన్ల చెప్తే మా ఇంటామె సాయవ్వ నవ్వుతది, దుబాయ్‌ల చలేంది అని." "మార్చి దాంక మస్తుండె. గిప్పుడు కొంచెం నయమే. తెల్లారి లేస్తే కాళ్లకు బురద అంటినట్టనిపిస్తది, అంతే."

ఆ నాలుగేళ్లలో ప్రొఫెసర్ గురించి వందసార్లు ఆలోచించాను. ఆ ముసలమ్మ గురించి ఆలోచించాను. ఈ మనిషికి ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడా అడగలేదు.

"మేడం, ఒకటి అడుగుత. ఆ దినం నా ఫారం మీద ఏం రాసిండ్రు?"

"ఏమీ రాయలేదు" అన్నాను. నిజం అదే. ఆ ఫారం ఊరి పేరు దగ్గరే, సిరా చుక్క దగ్గరే ఆగిపోయింది. నేను వేసిన అంకెల్లో అతని ఊరి తరఫున అతని జవాబు లేదు.

"నాకట్లనే అనిపించింది. ఆ దినం ఎవలెవలియో అడిగిండ్రు. మా ఊరి సంగతి ఎవ్వలు అడగలే."

పక్కనే పాత టైరు ఒకటి ఉంటే దాని మీద కూర్చున్నాను. పెనంలా కాలింది. అయినా లేవలేదు.

"ఇప్పుడు చెప్పు" అన్నాను.

"రాసుకుంటరా?"

"రాసుకోను. వింటాను."

అతను మఫ్లరు కొంచెం వదులు చేసుకున్నాడు. "కోరుట్లల బస్సు దిగాలె. ఆటోల అయితే పావుగంట. మొదలు వరద కాలువ వొస్తది, దాన్ని దాటంగనే ఎడమచేతి దిక్కు దౌలత్‌బీ దుకాణం. మంచిది ఆమె, మా పిల్లలకు పైసల్లేకున్నా ఉద్దెర చాక్లెట్లు ఇస్తది..."

లోపల విక్రమ్ కారు స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు. వెంకట్రాములు ఇంకా వాళ్ల వాడకట్టు మొదటి ఇంటి దగ్గరే ఉన్నాడు. ఇంకాసేపు ఆగమని విక్రమ్‌కు చెయ్యి ఊపాను.